సోమవారం మొదలైన కంపు

నూటెనిమిది కాసుల పేరు పోయింది.

దొంగ మాత్రం దొరికింది. స్టేషన్ వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. పేరు అసిరమ్మ. మునిసిపాలిటీలో పాకీ పని. నిన్న సాయంత్రం అయిదు గంటలకి పట్టుకొచ్చారు. ఇవాళ అయిదులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండ్ అయిందా, పదిహేడేళ్ళ ఉద్యోగం ఊడినట్టే.

అన్నీ ఉన్నాయి. సొత్తు ఒక్కటే లేదు.

కంప్లైంటు రాసుకున్నదీ, ఆవిణ్ణి వీధి వెంట నడిపించి తీసుకొచ్చిందీ హెడ్ కానిస్టేబుల్ అప్పలసూరి. ఎస్.ఐ. జగన్నాధం అప్పుడు ఊళ్ళో లేడు. పార్వతీపురం బందోబస్తుకి వెళ్ళి తెల్లవారుజామునే దిగాడు. కాగితాలు చదివాడు. మొహం చిట్లించాడు.

"సొత్తేదీ?"

"ఎక్కడో దాసేసినాది సార్. గుడిసంతా తిరగేసినాం. దొరకలేదు."

"ఇల్లు చూశావా? పోయిన ఇల్లు?"

అప్పలసూరి తల గోక్కున్నాడు. "ఆ ఇంట్లో కాసేపు నిలబడ్డం నా వల్ల కాలేదు సార్. మీరే ఎల్లి సూడండి."

ఎందుకన్నాడో జగన్నాధానికి పావుగంటలో తెలిసింది.

1968 మార్చి 14, గురువారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. విజయనగరం కోటకి పడమటి వైపు వీధి. జగన్నాధం ఆ ఇంటి మెట్లు రెండు ఎక్కాడు. మూడో మెట్టు మీద ఆగిపోయాడు.

కంపు.

జగన్నాధానికి వాసనలు కొంచెం ఎక్కువే తెలుస్తాయి. అయినా కోటబొమ్మాళి దగ్గర పల్లెలో పుట్టినవాడు, పేడ కంపూ కుళ్ళిన గడ్డి కంపూ ఆయనకి కంపు కింద లెక్కే కాదు. ఇది వేరు. మరుగుదొడ్డి కంపు. దాని మీద ఫినాయిలు. ఫినాయిలు మీద సాంబ్రాణి. సాంబ్రాణి మీద కర్పూరం. అన్నీ కలిసి ముక్కులోంచి దిగి గొంతులో కూర్చున్నాయి. ఈ ఇంట్లో మనుషులు అన్నం ఎలా తింటున్నార్రా దేవుడా అనుకున్నాడు. జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకుందామనుకుని మళ్ళీ జేబులోనే పెట్టేశాడు. ఎందుకంటే ఎదురుగా చంద్రశేఖరం మేష్టారు నిలబడి ఉన్నారు.

"జగన్నాధమా! రా నాయనా. ఎన్నాళ్ళయింది నిన్ను చూసి."

హైస్కూలు తెలుగు పండితులు. ఈ ఊళ్ళో ఉండి చదువుకున్న జగన్నాధానికి మూడేళ్ళు పాఠం చెప్పారు. ఒకసారి సుద్దముక్కల పెట్టె దొంగిలించి, ఆ దెబ్బలు పక్కవాడు తింటుంటే నోరు మూసుకుని కూర్చున్నాడు జగన్నాధం. మేష్టారికి సాయంత్రం తెలిసింది. కొట్టలేదు. "దొంగతనం తప్పురా. దాన్ని ఇంకొకడి నెత్తిన పెట్టడం మాత్రం మనిషి చేసే పని కాదు" అన్నారు. పోలీసు ఉద్యోగంలో చేరిన రోజు జగన్నాధానికి గుర్తొచ్చిన మాట అదే.

హాల్లో నలుగురూ కూర్చున్నారు. మేష్టారు. ఆయన తల్లి ప్రసూనాంబ, డెబ్భై ఏళ్ళు, తల ముసుగు, నిటారుగా కూర్చునే మనిషి. మేష్టారి భార్య లక్ష్మీకామేశ్వరి. ప్రసూనాంబ తమ్ముడు లక్ష్మీనరసింహం, ఫిడేలు వాయిస్తాడు, పెళ్ళాం పోయినప్పట్నుంచీ అక్క పంచనే ఉంటున్నాడు. ఆయన చేతిలో నస్యం డబ్బా ఉంది. ఆ ఇంట్లో మొహం చిట్లించకుండా కూర్చున్నది ఆయనొక్కడే.

జగన్నాధం నోట్‌బుక్ తీశాడు.

"ఆఖరిసారి వస్తువు చూసింది ఎవరు?"

"నేనే నాయనా" అంది ప్రసూనాంబ. "ఆదివారం సాయంత్రం కుంకుడురసంతో కడిగాను. పూజగదిలో ఇత్తడి పెట్టెలో పెట్టాను. నిన్న నాలుగు గంటలకి తెరిచాను. లేదు."

"ఎందుకు కడిగారు?"

"రేపు శుక్రవారం. మా వీధి చివర అమ్మవారి మెడలో వేస్తానని మొక్కుకున్నాను."

"ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదా?"

"నా పుట్టింటి సొమ్ము. నా ఇష్టం."

లక్ష్మీకామేశ్వరి నేల చూసింది. మేష్టారు చిన్నగా నవ్వారు. "అమ్మ మాట మాకు వేదం జగన్నాధం."

"పెట్టెకి తాళం?"

"పూజగదికి తాళమేమిటి నాయనా. మడి కట్టుకుంటే తప్ప ఎవరడుగు పెడతారు అక్కడ?"

"మరి అసిరమ్మ ఎలా అడుగు పెట్టింది?"

లక్ష్మీనరసింహం డబ్బా తట్టి, చిటికెడు నస్యం పీల్చి, "అదే నేనూ అడిగాను" అన్నాడు.

మేష్టారు గొంతు సవరించుకున్నారు. "మధ్యాహ్నం ఆడవాళ్ళు కునుకు తీస్తారు. పెరటి తలుపు తీసే ఉంటుంది. మంగళవారం అది ఊరికే పెరట్లో తచ్చాడింది. డాబా ఎక్కుతానంది. దానికి డాబా మీద ఏం పని? ఇంట్లోకి దిగే దారి చూసుకోడానికే."

జగన్నాధం రాసుకున్నాడు. తర్వాత లక్ష్మీనరసింహం వైపు తిరిగాడు. పరాయి పంచన బతుకుతున్నవాడు. అసిరమ్మని వెనకేసుకొస్తున్నట్టు మాట్లాడేవాడు. పోలీసు బుర్ర ముందు అటే పోతుంది.

"మీరెక్కడున్నారు ఈ నాలుగు రోజులూ?"

"ఆదివారం మధ్యాహ్నం బొబ్బిలి వెళ్ళాను, కచేరీకి. మంగళవారం పొద్దున్న వచ్చాను. వచ్చేసరికే ఇల్లు ఇలా ఉంది. నస్యం లేకపోతే ఈపాటికి చచ్చేవాణ్ణి."

మంగళ, బుధ ఇంట్లోనే ఉన్నాడు. తీయడానికి చాలినంత టైము. జగన్నాధం ఆ పేరు కింద గీత గీశాడు.

"ఈ కంపు ఎప్పట్నుంచి?" అని అడిగాడు. కేసు కోసం కాదు, భరించలేక.

లక్ష్మీకామేశ్వరి ఒక్కసారి ఏడ్చినంత పని చేసింది. "సోమవారం సాయంత్రం నుంచండీ. ఎనిమిది నెలలయింది ఈ కొత్త సెప్టిక్ దొడ్డి కట్టించి. ఇన్నాళ్ళూ ఇంత వాసన లేదు. రెండు సీసాలు ఫినాయిలు పోశాను. బ్లీచింగు పౌడరు జల్లాను. వేపాకు పొగ వేశాను. నిమ్మచెక్కలు పెట్టాను, పళ్ళెంలో బొగ్గులు పెట్టాను. కిటికీకో కర్పూరం బిళ్ళ. నీళ్ళు పోసినకొద్దీ ఎక్కువవుతోంది. పోసినప్పుడల్లా లోపల ఎవరో పుక్కిలించినట్టు గుడగుడమంటోంది. పెరుగన్నంలో కూడా అదే వాసన."

"ఆ అసిరమ్మే కచ్చగా ఏదో చేసి ఉంటుంది" అన్నారు మేష్టారు.

'కంపు, సోమవారం సాయంత్రం' అని జగన్నాధం ఎందుకో రాసుకున్నాడు.

పెరట్లోకి వెళ్ళాడు. ఇంటి వెనక గోడకి ఆనుకుని సిమెంటు గది. చుట్టూ తెల్లగా ముగ్గేసినట్టు బ్లీచింగు. పక్కనే నేలలో టాంకీ, పైన రాతిపలక. టాంకీలోంచి నాలుగంగుళాల సిమెంటు గొట్టం గోడ వెంబడి డాబా దాటి పైకి పోయింది. కొసన రేకు టోపీ. గోడకి వెదురు నిచ్చెన చేరేసి ఉంది.

తలుపు తీశాడు. లోపల తళతళలాడుతోంది. మరక లేదు. మట్టి లేదు. ఇంత శుభ్రంగా ఉన్నచోట ఇంత కంపేమిటి? బకెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు.

గుడగుడగుడ. బేసిన్లోంచి పెద్ద బుడగ ఒకటి లేచి పగిలింది. దాంతోపాటు లేచిన గాలి నేరుగా ఆయన మొహానికి కొట్టింది.

జగన్నాధం యూనిఫారంలో ఉన్న సంగతి మరిచిపోయి పరుగెత్తాడు. కరివేపాకు చెట్టు కింద వంగి, పొద్దున్న తిన్న ఇడ్లీలు అప్పజెప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛీ, ఛీ, ఇదేం ఉద్యోగంరా అనుకున్నాడు.

"కక్కీసినారా బాబూ?"

తలెత్తాడు. పక్కింటి డాబా మీద ఒకావిడ నడుముకి కొంగు దోపుకుని అప్పడాలు ఆరబెడుతోంది. పేరు అమ్మడు. నలభై ఏళ్ళుంటాయి. కిందికి దిగొచ్చి చెంబుతో నీళ్ళు గోడ మీంచి అందించింది.

"నాలుగు రోజులై మావూ ఇదే అనుబవిస్తన్నాం. నా అప్పడాలకీ ఇదే వాసన పట్టీసినాది. ఇంకెవలు కొంతారు సెప్పండి?"

జగన్నాధం నోరు పుక్కిలించాడు. మొహం కడుక్కున్నాడు. "రోజూ ఇక్కడే ఆరబెడతావా?"

"ఎండ ఉన్నన్నాళ్ళూ ఇక్కడే బాబూ."

"ఈ మధ్య ఆ డాబా మీదకి కొత్తవాళ్ళెవరైనా ఎక్కారా?"

"కొత్తోళ్ళెవలూ ఎక్కలేదు."

"అసిరమ్మ?"

"దాన్ని ఎక్కనిస్తారేటి? కింద నిలబడి మాట్లాడితేనే పసుపునీళ్ళు జల్లుకుంతారు." అమ్మడు ఏదో గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "సెప్తే నవ్వుతారు బాబూ. సోమారం నాడు పంతులుగారొకరు ఎక్కినారు. ఒంటిగంటన్నర బండి కూసినాది అప్పుడే. సెవికి జంజం సుట్టుకొని, అదిగో ఆ గొట్టం కాడ, నాకు ఈపు పెట్టి నిలబడ్డారు. నాను సిగ్గుపడి మొకం తిప్పీసినాను. అర్జెంటైతే పెద్దోళ్ళైనా ఏటి సేస్తారు?"

"ఏ పంతులుగారు?"

"ఈపు సూసి ఏటి సెప్పను? ఇద్దరిదీ బట్టతలే. ఇద్దరూ తెల్లపంచెలే."

జగన్నాధం మొహం వికారంగా పెట్టాడు. డాబా మీద నిలబడి ఆ పని. కింద మడి, పైన ఇదా. ఛీ అనుకుని నోట్‌బుక్ మూసేశాడు. ఆ మాట రాసుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండూ నలభై. స్టేషన్.

అసిరమ్మ ముందు అన్నం పొట్లం అలాగే ఉంది. విప్పలేదు. యాభై ఏళ్ళ మనిషి. బక్కచిక్కిన చేతులు, గట్టి పిడికిళ్ళు. జగన్నాధం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తినలేదేం?"

"ఆకలి నేదు బాబూ."

"కాసులపేరు తీసావా?"

"నేదు."

"చూసావా ఎప్పుడైనా?"

"ఆ ఇంట్లో వంటిల్లు ఎటుందో నాకు తెల్దు. పదిహేడేళ్ళై పెరటి తలుపు దాటి ఎల్లినాదాన్ని కాదు. దేవుడి పెట్టి ఎక్కడుంతాదో నాకేటి తెలుస్తాది?"

"మంగళవారం డాబా ఎక్కుతానన్నావట. ఎందుకు?"

"కంపు ఆపుదావని."

జగన్నాధం ముందుకి వంగాడు. "డాబా ఎక్కితే కంపెలా ఆగుతుంది?"

అసిరమ్మ మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. ఇంత చదువుకున్నోడివి, ఇదీ తెల్దా అన్నట్టు చూసింది.

"టాంకీలో గాలి పుడతాది బాబూ. దానికోసరమే ఆ గొట్టం ఎట్టినారు. గాలి గొట్టమెక్కి మేగాల్లో కలిసిపోవాల. ఆ కట్టిన మేస్త్రి సెప్పినాడు నాకు. ఇంట్లోవోళ్ళకి తెల్దు. కట్టినన్నాళ్ళూ ఆళ్ళు ఆ పక్కకి రానేదు గదా, మైలని. అదేదో వానగొట్టం అనుకుంతన్నారు."

"మూసుకుపోతే?"

"ఎటు పోతాది గాలి? నీళ్ళు పోసినప్పుడల్లా బేసిన్లోంచి తన్నుకొస్తాది. గుడగుడమంతాది. నాను మంగళారం ఆ సప్పుడు ఇన్నాను. గొట్టంలో ఏదో అడ్డం పడిపోనాది, ఏ పిట్టో గూడెట్టి ఉంతాది, ఎక్కి తీసెస్తానని పంతులుగారికి సెప్పినాను."

"ఏ పంతులుగారికి?"

"మేష్టరుగారికి. ఆయన మొకం పాలిపోనాది. ఒద్దు, ఎక్కితే కాళ్ళిరగ్గొడతానన్నారు. సరే, ఫినాయిలే పోసుకోండని ఎల్లిపోయినాను. బుదారం మీవోళ్ళొచ్చి నన్ను పట్టుకొచ్చినారు."

జగన్నాధం కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఒక్క మాట బాబూ. జైల్లో ఎడితే ఎట్టండి. ఆ ఈది పొడుగునా నన్ను మద్దెన ఎట్టి నడిపించినారు. పదిహేడేళ్ళై ఆ ఈదిలో ఇంటింటికీ ఎల్తాను. గుమ్మం గుమ్మంలో నిలబడి సూసినారు. నా కోడలు సూసినాది. అదే నాకు అన్నం దిగనీటం నేదు."

జగన్నాధం లేచి నిలబడ్డాడు. నోట్‌బుక్ తెరిచాడు. 'కంపు, సోమవారం సాయంత్రం.'

ఎనిమిది నెలలు లేని కంపు సోమవారం ఎందుకు మొదలైంది? సోమవారం గొట్టం మూసుకుంది కనక. దానంతట అది మూసుకుందా? సోమవారం ఒంటిగంటన్నరకి గొట్టం దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. లక్ష్మీనరసింహం సోమవారం బొబ్బిలిలో ఉన్నాడు. ఇంకెవరు మిగిలారు?

జగన్నాధం టోపీ తీసి పెట్టుకున్నాడు.

"అప్పలసూరీ, జీపు తియ్యి. ముందు హైస్కూలుకి."

"ఏటయ్యింది సార్?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పట్టుకుందాం."

హైస్కూల్లో అయిదు నిమిషాల పని. టీచర్ల హాజరు పుస్తకం. సోమవారం మధ్యాహ్నం మొదటి పీరియడ్. చంద్రశేఖరం, తెలుగు, ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. కారణం, ఒంట్లో నలత.

"ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారండీ" అన్నాడు గుమాస్తా.

మూడు గంటల పది నిమిషాలు. మళ్ళీ అదే ఇల్లు. అదే కంపు. ఎండకి ఇంకా ముదిరింది. జగన్నాధం అందర్నీ పెరట్లోకి రమ్మన్నాడు. ప్రసూనాంబకి పీట వేశారు. పక్కింటి డాబా మీద అమ్మడు అప్పడాలు ఏరుతూ ఆగి చూస్తోంది. అప్పలసూరి పక్కన అసిరమ్మ నిలబడి ఉంది.

"దాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చావు జగన్నాధం?" అన్నారు మేష్టారు.

"చెబుతాను మేష్టారూ. ముందు అమ్మగారిని ఒకటి అడగాలి." లక్ష్మీకామేశ్వరి వైపు తిరిగాడు. "సోమవారం మేష్టారు భోజనానికి ఎన్నింటికి వచ్చారండీ?"

"ఒంటిగంటకి. రోజూ అప్పుడే వస్తారు."

"తిన్నాక?"

"మేం నడుం వాల్చాం. లేచేసరికి ఆయన నూతి దగ్గర స్నానం చేస్తున్నారు. కట్టుబట్టలతో."

"పొద్దున్న స్నానం చెయ్యలేదా?"

"అయ్యో, చెయ్యకేం. సంధ్య వార్చుకునే కదా బడికి వెళ్ళారు. దారిలో శవం తగిలింది, మైల అన్నారు. పంచె దండెం మీద వేసి, తడితలతోనే బడికి పరుగెత్తారు."

"శవం తగిలితే భోజనానికి ముందు కదండీ స్నానం చెయ్యాలి. మైలతో ఆయన అన్నం తిన్నారా?"

లక్ష్మీకామేశ్వరి నోరు తెరిచింది. అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో అది ఎంత పెద్ద మాటో ఆవిడకి అప్పుడే తట్టింది. ప్రసూనాంబ పీట మీద కదిలింది. కొడుకు వైపు చూసింది.

జగన్నాధం గొట్టం మీద చెయ్యి వేశాడు. లక్ష్మీకామేశ్వరి వెనక్కి తగ్గింది.

"ఇది టాంకీ గాలి పోయే గొట్టం. ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. అసిరమ్మకి తెలుసు. తెలిసిన మనిషి దీన్ని ముయ్యదు. మూస్తే మర్నాటికల్లా ఊరంతా ముక్కు మూసుకుంటుందని దానికి తెలుసు. తెలీనివాడే మూశాడు. వానగొట్టం అనుకున్నాడు. పోలీసులు ఇల్లంతా వెతికినా మరుగుదొడ్డి గొట్టం ముట్టుకోరనుకున్నాడు. ఈ ఇంట్లో అయితే ఎవరూ కలలో కూడా ముట్టుకోరు. అంతవరకూ బాగానే ఆలోచించాడు."

"ఎవడు?" అన్నాడు లక్ష్మీనరసింహం. నస్యం వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"పొద్దున్న నాకు ఒకరు చెప్పారు, నేనే బుద్ధిలేక పట్టించుకోలేదు. సోమవారం ఒంటిగంటన్నరకి ఈ డాబా మీద ఒకాయన చెవికి జంధ్యం చుట్టుకుని నిలబడ్డాడు. డాబా మీద జంధ్యం చెవికెందుకు? ఒంటికి పోవడానికి అనుకున్నాం అందరమూ. కింద దొడ్డి పెట్టుకుని నిచ్చెనెక్కి ఎవడు పోతాడు? అది కాదు. దొడ్డి గొట్టం ముట్టుకుంటున్నాడు. జంధ్యానికి మైల తగలకూడదు. చిన్నప్పట్నుంచీ చేతికి అలవాటైన పని, తెలీకుండానే చుట్టేసుకున్నాడు. వేరేవాడైతే చుట్టుకోడు. అసిరమ్మకి చుట్టుకోడానికి జంధ్యమే లేదు. అక్కడ్నుంచి దిగి కట్టుబట్టలతో తలారా స్నానం చేశాడు. బడికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. హాజరు పుస్తకం చూసే వచ్చాను మేష్టారూ."

దొడ్డిలో ఏదో చిన్నగా గుడగుడమంది.

"ఊహలు" అన్నారు మేష్టారు. "గొట్టంలో ఏముందని?"

"తీసి చూద్దాం. మీరెక్కుతారా?"

మేష్టారు కదల్లేదు. లక్ష్మీనరసింహం మోకాళ్ళ నెప్పులు గుర్తు తెచ్చుకున్నాడు. అప్పలసూరి ఆకాశం చూశాడు.

అసిరమ్మ ముందుకొచ్చింది. కొంగు బిగించింది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇప్పుడెక్కొచ్చా మేష్టరుగారూ? కాళ్ళిరగ్గొట్టరు గదా?"

ఆవిడ ఎక్కింది. రేకు టోపీ ఊడదీసింది. డాబా మీద పడున్న ఇనపతీగ ఒకటి తీసి, కొస వంచి లోపలికి దింపింది. రెండుసార్లు జారింది. మూడోసారి దేనికో పట్టింది. రెండు చేతులా లాగింది.

గుడ్డ ఉండ ఒకటి బయటికి వచ్చింది. బురదగా, నల్లగా, జిడ్డుగా. దాని వెనకే గొట్టంలోంచి నాలుగు రోజుల గాలి ఒక్కసారి తన్నుకొచ్చింది. అమ్మడు అప్పడాలు వదిలి పరుగెత్తింది. అప్పలసూరి ముక్కు మూసుకుని గోడ వైపు తిరిగిపోయాడు. అసిరమ్మ ఒక్కతే మొహం తిప్పకుండా నిచ్చెన దిగింది. ఉండని రాయి మీద పెట్టింది. కర్రతో విప్పింది.

పాత పంచె ముక్క. లోపల మైనగుడ్డ. దాని లోపల కాసులపేరు. ఎండ తగిలి పసుపుపచ్చగా మెరిసింది.

అసిరమ్మ బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి బేసిన్లో పోసింది. సర్రున పోయాయి. గుడగుడ లేదు.

"అయిపోనాది" అంది. "ఇంక ఫినాయిలు కొనక్కర్నేదు తల్లీ."

మేష్టారు కింద కూలబడ్డారు. నూతి పళ్ళెం పక్కన, తడిలో.

"తరతరాల వస్తువు జగన్నాధం. గుళ్ళో పెడితే రేపు ఏ ట్రస్టీ మింగుతాడో ఎవడికి తెలుసు? అమ్మకి చెబితే వినదు. శుక్రవారం దాటిపోతే మెల్లిగా తీసి, పెట్టె వెనకాల దొరికిందని చెబుదామనుకున్నాను. దొంగతనం కాదురా ఇది."

"మరి అసిరమ్మ?"

"అది గొట్టం ఎక్కుతానంది. రోజూ వచ్చే మనిషి. ఏదో ఒకనాడు ఎక్కుతుంది. దాన్ని నాలుగు రోజులు దూరంగా ఉంచితే..." ఆయన ఆగారు. "సొత్తు దొరక్కపోతే వదిలేస్తారు కదా అనుకున్నాను."

జగన్నాధానికి సుద్దముక్కల పెట్టె గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మేష్టారి మొహం గుర్తొచ్చింది. పొద్దున్న కక్కింది నయం అనిపించింది. అది కక్కితే పోయింది.

ప్రసూనాంబ పీట మీంచి లేచింది. కర్ర ఊతంతో రాయి దగ్గరికి నడిచింది. వస్తువు వైపు చూసింది. ముట్టుకోలేదు.

మేష్టారు గబగబా అన్నారు, "బంగారానికి దోషం లేదమ్మా. నీళ్ళతో కడిగితే చాలు. శాస్త్రంలో ఉంది. రేపు నిక్షేపంగా ఇవ్వొచ్చు."

"బంగారానికి లేదురా నాయనా. నీకు ఎన్ని నీళ్ళు పొయ్యాలి?"

ఆయన తల వంచుకున్నారు. లక్ష్మీకామేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ప్రసూనాంబ జగన్నాధం వైపు తిరిగింది. "నిన్న వీడు రాయించిన కాగితం చింపెయ్యి నాయనా. నేను చెబుతాను, కొత్తది రాసుకో. నా వస్తువు నా కొడుకు దొంగిలించాడు. ఏ పాపమూ ఎరగని మనిషి మీదకి తోశాడు. ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేస్తాను."

అప్పలసూరి రాశాడు. నాలుగు గంటల పది నిమిషాలకి పూర్తయింది. జగన్నాధం అసిరమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఇంటికెళ్ళిపో అసిరమ్మా. మునిసిపాలిటీకి నేను రాసిస్తాను. ఉద్యోగానికేం ఢోకా లేదు."

ఆవిడ కదల్లేదు. నూతి దగ్గర బూడిదతో చేతులు తోముకుంటోంది. మోచేతుల దాకా తోముకుంది. కొంగుతో తుడుచుకుంది.

"ఒంటిగా ఎల్లను బాబూ."

"మరి?"

"నిన్న అయిదు గంటలకి ఈది పొడుగునా పోలీసులు నన్ను నడిపించి తీసుకెల్లినారు. అందరూ సూసినారు. ఇయ్యాల నాను జీపెక్కి ఎల్లిపోతే, ఒంటిగా సందులోంచి ఎల్లిపోతే, ఎవలికి తెలుస్తాది నాను తియ్యనేదని? అదే దారిన, అదే టైముకి నన్ను తీసుకెల్లండి. మేష్టరుగారు కూడా రావాల."

అప్పలసూరి ఏదో అనబోయాడు. జగన్నాధం చెయ్యెత్తి ఆపాడు. గడియారం చూశాడు. "ఇంకా నలభై నిమిషాలుంది. కూర్చుందాం."

కూర్చున్నారు. కంపు తగ్గిపోతోంది. అయిదుకి పది నిమిషాలుందనగా, ఆ పెరట్లో నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కరివేపాకు వాసన తెలిసింది. మేష్టారు లేచి నిలబడ్డారు. రాయి మీది గుడ్డ తాలూకు నీళ్ళు పారి ఆయన పంచె అంచు తడిసింది.

"ఒక్క అయిదు నిమిషాలు జగన్నాధం. స్నానం చేసి వస్తాను."

"సోమవారం చేశారు కదా మేష్టారూ. పదండి."

అయిదయింది. వీధి తలుపు తీశారు. ఇళ్ళ ముందు జనం అప్పటికే పోగయ్యారు. అమ్మడు నోరు ఊరుకుంటుందా మరి. ముందు అసిరమ్మ నడిచింది. ఆవిడ పక్కన టోపీ సర్దుకుని జగన్నాధం. పది అడుగుల వెనక మేష్టారు, అప్పలసూరి.

ప్రతి గుమ్మం ముందూ అసిరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. వాళ్ళు తనని చూసి, వెనకాల వస్తున్న ఆయన్ని చూసేదాకా ఆగి, మళ్ళీ నడిచింది. ఆ వీధికి నలభై రెండు గుమ్మాలు. జగన్నాధం తొందర పెట్టలేదు.